నాన్నగారి 32 బోరు రివాల్వర్‌ను 22కు మార్పించడమా, వేరేది కొనుక్కోవడమా?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కాలం చేసిన తరువాత ఆయన రివాల్వర్ వారసత్వంగా నా లైసెన్సు మీదికి వచ్చింది. అది వెబ్లీ అండ్ స్కాట్ వారి మార్క్ 4, 32 బోరు (బోరు అంటే బ్యారెల్ లోపలి రంధ్రం కొలత), బ్యారెల్‌ను కిందికి వంచి తెరిచే రకం. మిర్చి వ్యాపారం చేసిన రోజుల్లో యార్డు నుంచి నగదుతో ఇంటికి వచ్చేటప్పుడు ఆయన దాన్ని వెంట ఉంచుకొనేవారు. నాకు ఆ అవసరం లేదు గాని, ఇంట్లో ఉన్న ఆయుధాన్ని గురి తప్పకుండా కాల్చడం నేర్చుకోవాలని ఉంది. 32 బోరు తూటాల ధరకు అభ్యాసం సాగేటట్టు లేదు. పొరుగూరి మరమ్మతుదారు ఒకరు, 22 బోరు బ్యారెల్, సిలిండర్ (తూటాలు పట్టే గదులున్న, గుండ్రంగా తిరిగే భాగం) బిగించి ఇస్తాననీ, కొత్తది కొనే ఖర్చులో నాలుగో వంతు కూడా కాదనీ అంటున్నారు. మార్పించడం మంచిదా, దీన్ని అమ్మి 22 కొనుక్కోవడం మంచిదా?

సమాధానం 1 (బందరు రోడ్డు, విజయవాడ)

అయ్యా, ఖర్చు సంగతి తరువాత చూద్దాం. ముందుగా మీ లైసెన్సు పుస్తకం తెరిచి చూడండి. అందులో ఆయుధం రకం, బోరు, నంబరు రాసి ఉంటాయి. బోరు మారిన నాడు మీ చేతిలో ఉన్నది ఆ పుస్తకంలో ఉన్న ఆయుధం కాదు. పైగా 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, తయారీకి, అమ్మకానికి కావలసినట్టే ఆయుధాన్ని మార్చడానికీ, మరమ్మతు చేయడానికీ ప్రత్యేకమైన లైసెన్సు ఉండాలి. మీరు చెప్పిన మరమ్మతుదారుకు అది ఉన్నదో లేదో మీరు రాయలేదు. 2019 సవరణ తరువాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ళు. నాలుగో వంతు ఖర్చు అనే మాటలో ఈ ఏడేళ్ళను ఆయన కలిపినట్టు లేదు.

అదే సవరణ ఒక వ్యక్తి దగ్గర ఉండగల ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించింది. అంటే నాన్నగారిది ఉంచుకొని, అధికారి అనుమతితో రెండోదిగా 22 తీసుకోవడానికి మీకు దారి ఉన్నది. అమ్మదలచుకొంటే, కొనేవారికీ లైసెన్సు ఉండాలి, అమ్మకానికి 45 రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

సమాధానం 2 (ఆటోనగర్, విజయవాడ)

నేను తుపాకుల పని చేసేవాణ్ణి కాను. లేత్ మీద ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి, వీటి నిర్మాణం గురించి ఆసక్తితో చదివినవాణ్ణి. బ్యారెల్ మార్చడం లేత్ పనే కదా అని మావాళ్ళు కూడా తేలిగ్గా అనేస్తారు, అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

32 తూటా సెంటర్‌ఫైర్, అంటే పిన్ను దాని అడుగున నడిమధ్య ఉన్న క్యాపును కొడుతుంది. 22 తూటా రిమ్‌ఫైర్. మందు దాని అంచులో ఉంటుంది కనుక పిన్ను అంచునే కొట్టాలి. కాబట్టి బ్యారెల్, సిలిండర్ మార్చినంత మాత్రాన 22 పేలదు. పిన్ను తగిలే చోటు మారాలి, అంటే ఫ్రేమునే ముట్టుకోవాలి. ఆ తరువాత సిలిండర్‌లోని ప్రతి గది బ్యారెల్‌కు సూటిగా వచ్చి నిలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తూటా బ్యారెల్ అంచును చెక్కుకొంటూ పోతుంది, సీసపు తునకలు పక్కకు చిమ్ముతాయి.

విదేశాల్లో రెండు సిలిండర్లతో అమ్మే రివాల్వర్లు లేకపోలేదు. రూగర్ వారి సింగిల్ సిక్స్‌కు 22 లాంగ్ రైఫిల్ అనే తూటాకు ఒకటి, 22 మాగ్నమ్ తూటాకు ఒకటి సిలిండర్లు వస్తాయి. అయితే అక్కడ రెంటికీ బ్యారెల్ ఒకటే, రెండూ రిమ్‌ఫైరే. తయారైన రోజునే ఆ ఏర్పాటుతో తయారైన వస్తువు అది.

తరువాత మార్చినవాటి చరిత్ర ఇంత బాగా లేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కు వెళ్ళిన స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో చాలావాటి గదులను యుద్ధం తరువాత 38 స్పెషల్ అనే తూటా పట్టేలా లోపలికి తొలిచి అమ్మారు. పాత తూటా లావుగా, పొట్టిగా ఉండేది. కొత్తది సన్నగా, పొడవుగా ఉంటుంది. ఫలితంగా గది వెనుక భాగం వదులై తూటాల ఇత్తడి గొట్టాలు ఉబ్బేవి, అంగుళంలో 0.361 వంతు గుండుకు చేసిన బ్యారెల్‌లో 0.357 గుండు పట్టు లేక గురి తప్పేది. వెబ్లీ 455 రివాల్వర్ల సిలిండర్ వెనుక అరగదీసి 45 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్తోలు) తూటాలు వాడిన కథ ఇంకా ప్రమాదకరమైనది. ఆ తూటా పీడనం 21,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు ఉంటుంది, ఆ పాత వెబ్లీని అంత ఒత్తిడికి తయారు చేయలేదు.

ఇదే కారణంగా మీకు ఒక హెచ్చరిక కూడా. పేరులో 32 ఉన్నది కదా అని పిస్తోలుకు వాడే 32 ఏసీపీ తూటాను మీ రివాల్వర్‌లో పెట్టవద్దు. అది గదిలో ఇమిడిపోయే అవకాశం ఉన్నది. కాని మీదానికి తగిన 32 లాంగ్ తూటా పీడన పరిమితి 15,000 పీఎస్ఐ, దానిది 20,500. బ్యారెల్‌ను వంచి తెరిచే ఆయుధంలో ఆ ఒత్తిడినంతా ఆపవలసింది పైనున్న ఒక్క గొళ్ళెమే.

సమాధానం 3 (తెనాలి)

పై ఇద్దరితో ఏకీభవిస్తూ, ఏది కొనాలన్న దాని గురించి ఒక మాట. ఇషాపూర్ ఫ్యాక్టరీ వారి 'నిడర్' 22 రివాల్వర్ తేలిక అని చాలామంది దానివైపు చూస్తారు. సుమారు 250 గ్రాముల బరువున్న పొట్టి ఆయుధం జేబుకు సౌకర్యం గాని, గురి నేర్చుకొనే చేతికి కాదు. బరువైన, పొడవైన బ్యారెల్ ఉన్నదే చేతిని నిలకడగా ఉంచుతుంది. నా అభిప్రాయంలో మీకు ఇప్పుడు రెండో రివాల్వరే అక్కరలేదు. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్తోలుతో 10 మీటర్ల దూరాన రోజూ అరగంట కాలిస్తే ట్రిగ్గర్ మీద వేలు స్థిరపడుతుంది, ఆ గుళ్ళ ఖర్చు లెక్కలోకి రాదు. పరిమితికి లోబడిన శక్తి గలదానికి లైసెన్సు అవసరం ఉండదు. అయినా కొనే ముందు దుకాణంలో అడిగి రసీదు తీసుకోండి. నెలకు ఒకసారి రేంజ్‌లో నాన్నగారి 32తో పది తూటాలు కాల్చుకొంటే చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పుస్తకం తీసి చూశాను, అందులో 32 బోరు అని స్పష్టంగా ఉంది. ఫోనులో అడిగితే ఆ మరమ్మతుదారు లైసెన్సు మాట దాటవేశారు కనుక ఆ ఆలోచన మానుకొన్నాను. ఎయిర్ పిస్తోలుతో మొదలుపెడతాను. అమ్మకం ఊసెత్తితే మా అమ్మగారు ఒప్పుకోలేదు, కాబట్టి రివాల్వర్ ఇంట్లోనే ఉంటుంది. ముందుగా లైసెన్సున్న డీలరు దగ్గర దాని గొళ్ళెం, సిలిండర్ వదులు చూపించుకొంటాను. అంతవరకు దానితో కాల్చను.