చిత్తూరు నాగయ్య కళాక్షేత్రం: తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న: మన ఊరి కళాక్షేత్రానికి నాగయ్య గారి పేరు ఎందుకు పెట్టారని మా అమ్మాయి అడిగింది. ఆయన సినిమా నటులని మాత్రమే చెప్పగలిగాను. ఆయనకు ఈ ఊరితో ఉన్న అనుబంధాన్ని, ఆ హాలులో మీరు చూసిన నాటకాలను గురించి పెద్దలు తెలియజేయగలరు.

మిట్టూరు నివాసి: అమ్మా, 1904లో గుంటూరు జిల్లాలో పుట్టిన నాగయ్య గారు నటుడిగా రూపుదిద్దుకున్నది మాత్రం చిత్తూరులోనే; ఇక్కడి రామవిలాస సభ నాటకాలలో పాడి, ఆడి పేరు తెచ్చుకున్న తరువాతే మద్రాసు చిత్రసీమకు వెళ్లి, 1946లో ‘త్యాగయ్య’ చిత్రానికి తానే దర్శకత్వం వహించి, తానే త్యాగరాజుగా నటించారు. 1965లో పద్మశ్రీ అందుకున్నారు. ఊరి పేరే ఇంటి పేరుగా మారిన కళాకారుడికి ఇంతకంటే తగిన గౌరవం లేదని నా అభిప్రాయం.

గిరింపేట నివాసి: పై వివరాలకు ధన్యవాదాలండీ. నాకు గుర్తున్నవి పద్య నాటకాలు. ముఖాన అర్దళం పూసుకున్న నటుడు హార్మోనియం శ్రుతికి రాగం తీస్తుంటే, వెనుక వరుసల నుంచి ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేవారు. ఆయన కాదనక ఆ పద్యాన్ని మళ్లీ ఎత్తుకునేవారు. ఈసారి పద్య నాటకం ఉంటే పాపను తప్పక తీసుకువెళ్లండి.