రెండు ఓట్లు వేసింది నిజమేనా?

ప్రశ్న: మా నాన్నగారు "అప్పట్లో హైదరాబాద్ మేయర్‌కి మేమే ఓటేశాం" అంటుంటారు. నేను 2020లో కార్పొరేటర్‌కి మాత్రమే వేశాను. ఆయన పొరబడ్డారా?

జవాబు 1: పొరబడలేదమ్మా. 2002లో మేం రెండు ఓట్లు వేశాం, ఒకటి కార్పొరేటర్‌కి, ఇంకొకటి మేయర్‌కి. తీగల కృష్ణారెడ్డి గారు అలా నేరుగా గెలిచినవారే. అంతకుముందు ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు. మా ముషీరాబాద్ గల్లీలో మోరీ పొంగితే ఎవరిని నిలదీయాలో తెలిసేది కాదు. అందుకే ఆ రోజు మా అమ్మని రిక్షాలో తీసుకెళ్లాను. వేలి మీది సిరా చుక్క సాయంత్రం దాకా అందరికీ చూపించింది. 2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు కలిసి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్) అయింది. 2009లో కార్పొరేటర్లే మేయర్‌ని ఎన్నుకున్నారు.

జవాబు 2: మేయర్ ఎన్నికలో ఎమ్మెల్యేలు, ఎంపీల ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) ఓట్లు కూడా ఉంటాయండి. కార్పొరేటర్లని ఎన్నుకునే 150 డివిజన్లలో 2016లో టీఆర్‌ఎస్‌కి 99 వచ్చాయి, బీజేపీకి 4. 2020లో బీజేపీ 48కి ఎగబాకింది, ఎల్బీనగర్ వైపు ఊడ్చేసింది. మజ్లిస్ మాత్రం రెండుసార్లూ 44.

జవాబు 1: నాకు బాధ కలిగించేది పోలింగ్ శాతం. 2020లో బ్యాలెట్ పేపరే పెట్టారు, మా బూత్‌లో క్యూ లేదు. నగరంలో సగం మంది కూడా రాలేదు. మోరీ గురించి మాట్లాడేవాళ్లందరూ ఆ రోజు ఎక్కడికి పోయారమ్మా?

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి. నాన్నగారికి చదివి వినిపిస్తాను.