ఆగ్రా నుంచి తెచ్చిన రాతి పూల పలక దేవుడి గదిలో పెట్టొచ్చా? అసలు రాళ్ళేనా అవి?

కాకినాడ_కోడలు:
అందరికీ నమస్కారం. పోయిన నెల ఢిల్లీ, ఆగ్రా వెళ్ళొచ్చాం. తాజ్‌మహల్ చూసి బయటికి రాగానే ఆటో అతను మేం అడక్కుండానే ఒక షాపుకి తీసుకెళ్ళాడు, అక్కడ మా తాతల తాతలే తాజ్‌మహల్‌లో పూలు పొదిగారు అని టీ ఇచ్చి మరీ చెప్పి, బేరమాడగా ఆడగా చివరికి పళ్ళెం సైజు తెల్లరాతి పలక ఒకటి ఆరున్నర వేలకి అంటగట్టారు. మధ్యలో నారింజ రంగు పువ్వు, చుట్టూ నీలం రేకుల తీగ. నాకు తెగ నచ్చేసి దేవుడి గదిలో పెట్టి మీద కుందులు పెడదామనుకున్నా. మా అత్తయ్యగారు చూడగానే "సమాధి మీద పూలు తెచ్చి దేవుడి దగ్గర పెడతావా" అనేశారు. ఇప్పుడు అది బీరువా మీద అట్టపెట్టెలో ఉంది. ఆ పూలకి నిజంగా చావు అర్థం ఉందా? ఇంకోటి, రాళ్ళు అసలువో రంగేసినవో ఎలా తెలుస్తుంది?

పూలజడ:
అత్తయ్యగారి మాట మరీ గాల్లోంచి వచ్చింది కాదండీ. షాజహాన్ సమాధి మీద పొదిగినవి చాలావరకు గసగసాల పువ్వుల్లాంటి ఎర్ర పూలే. ఫార్సీ కవులు లాలా అంటారు, రేకుల మొదట్లో నల్ల మచ్చ ఉంటుంది కదా, అది ప్రేమలో కాలిన గుండెకి పడ్డ మచ్చ అని వాళ్ళ భావం, ఆ ఎరుపుకి అమరుల రక్తం అన్న అర్థం కూడా ఉంది. కాశ్మీర్‌లో అయితే ఐరిస్ మొక్కల్ని సమాధుల దగ్గర నాటడం ఇప్పటికీ చూడొచ్చు.

కానీ అక్కడితో ఆగిపోతే ఎలా. తాజ్ మొత్తాన్నీ వాళ్ళు స్వర్గంలో తోటలాగా ఊహించుకున్నారు, ఆ తోటలో పువ్వు వాడదు అని. పైగా మొగలులకి పూల పిచ్చి మామూలుగా లేదు, 1620లో జహంగీర్ కాశ్మీర్ వెళ్ళినప్పుడు మన్సూర్ అనే చిత్రకారుడు అక్కడి పూలు వందకి పైగా గీశాడని జహంగీరే రాసుకున్నాడు. తాజ్ లోపల గోడల కింది భాగంలో కనిపించే పూలమొక్కలు పొదిగినవి కూడా కావు, ఉత్త తెల్లరాతి మీద ఉబ్బెత్తుగా చెక్కినవి, రంగు లేకపోయినా ఒకటి రెండు చోట్ల రేక నిజంగానే వాలిపోయినట్టు ఉంటుంది. అయినా అర్థాలదేముంది, మొగలిపువ్వు శివుడికి పనికిరాదంటాం, అదే మొగలిరేకులు జడలో పెట్టుకుంటే మురిసిపోతాం. గసగసాలు వేసి మాంసం కూర వండినప్పుడు ఎవరికీ సమాధి గుర్తురాదు మరి 😀

సానరాయి:
అర్థాల సంగతి అక్క చెప్పేసింది, నేను పని గురించి చెప్తా. గుంటూరు నుంచి మార్బుల్ లోడ్ల పని మీద ఆగ్రా రెండు మూడు సార్లు వెళ్ళాను, ఒక ఇంటి వరండాలో పచ్చీకారీ, అంటే తెల్లరాతిలో రంగురాళ్ళు పొదిగే పని, చేస్తుంటే గంటసేపు కూర్చుని చూశా. పెద్దాయన నేల మీద కూర్చుని కుడిచేత్తో విల్లు లాంటి కర్ర లాగుతూ సాన చక్రం తిప్పుతున్నాడు, ఎడంచేతి వేళ్ళ మధ్య ఒక రేక, ఎంత ఉంటుందంటే వడ్లగింజలో సగం. చక్రానికి ఆనించడం, కంటి దగ్గర పెట్టి చూడటం, తెల్లరాతిలో తవ్విన గాడిలో పెట్టడం, పట్టలేదని తీసి మళ్ళీ చక్రం మీద పెట్టడం. నేను ఉన్నంతసేపు అదొక్క రేక అవ్వలేదు. గాడి తవ్వేముందు రాతికి ఎర్ర రంగు పూస్తారు, దాని మీద గీస్తే తెల్లగీత బాగా కనిపిస్తుందని. రేకలు అతికించే బంక ఏంటని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఎర్ర నారింజ రాయి కార్నీలియన్, ముదురు నీలం లాపిస్ (అసలుది ఆఫ్ఘనిస్తాన్‌లో బదక్షాన్ నుంచి వచ్చేది), ఆకుపచ్చ మలకైట్, లేత నీలం ఫిరోజా. టెస్టులు మాత్రం సింపుల్. చీకట్లో ఫోన్ టార్చి నారింజ పువ్వుకి ఆనించి పెట్టండి, కార్నీలియన్ అయితే నిప్పుకణికలా వెలుగుతుంది, లాపిస్ వెలగదు, దానికి కంగారుపడకండి. ఇక పలక వెనక్కి తిప్పి ఓ మూల గోరుతో గట్టిగా గీకండి, గీత పడితే అది తాజ్‌కి వాడిన మక్రానా పాలరాయి కాదు, సోప్‌స్టోన్ లాంటి మెత్తటి రాయి. పువ్వు మీద వేలు పోనిస్తే అంచు తగలకూడదు, తగిలిందంటే పైన అంటించిందో, గాడి సరిగా తవ్వలేదో.

ఇంకో ముఖ్యమైన మాట, పాలరాయైనా ఇంకేదైనా దీపం కుందులు పెట్టొద్దు. నూనె పీల్చేస్తుంది, పసుపు మరక పడితే చచ్చినా పోదు. చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమారో పాలరాయి మెరుపు ఒక్కరోజులో పోతుంది. మా ఇంట్లో అలాగే ఒక ట్రే పోయింది, ఇత్తడి సామాన్లతో కలిపి తోమేశారు.

ఇటలీ_తెలుగోడు:
సానరాయి గారు చెప్పింది చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చింది, నేను ఫ్లోరెన్స్‌లో చదువుతున్నా. ఇక్కడా రాళ్ళతో పూలే, ఇక్కడి పాలకులు మెడిచీ డ్యూకులు 1588లో దీనికోసమే వర్క్‌షాప్ పెట్టించారు, ఇప్పుడు దానికి మ్యూజియం కూడా ఉంది. తేడా ఏంటంటే వీళ్ళు రాయిని పల్చటి పలకలుగా కోసి, రంగు ఎక్కడ మారుతుందో వెతికి ఆ చోటే రేకగా కత్తిరించి, ముక్క పక్కన ముక్క జిగ్‌సా లాగా కలుపుతారు, అంటే రేక మీద నీడ కూడా రాయిలో పుట్టుకతో ఉన్నదే. మొగలులు ఇక్కడ నేర్చుకున్నారా సొంతంగా కనిపెట్టారా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు. ఢిల్లీ ఎర్రకోటలో దివాన్-ఎ-ఆమ్ సింహాసనం వెనక గోడలో ఉన్నవాటిలో కొన్ని మాత్రం ఫ్లోరెన్స్ పలకలే, పక్షులు, పూలు.

బేరాల_బాబాయ్:
ఆటోవాడు తీసుకెళ్ళిన షాపులో ఆరున్నర వేలా, అందులో ఆటోవాడి కమీషన్ ఎంతో ముందు అది లెక్కెయ్యమ్మా 😂

కాకినాడ_కోడలు:
బాబాయ్ గారూ పుండు మీద కారం చల్లకండి. రాత్రి కరెంటు పోయినప్పుడే టెస్ట్ చేశాం. టార్చి పెడితే పువ్వు నిజంగా వెలిగిందండీ, కొలిమిలో బొగ్గులా, అత్తయ్యగారు "ఏదీ ఇంకోసారి" అని రెండుసార్లు వేయించుకుని చూశారు. గోరుతో గీకితే మాత్రం గీత పడింది, పౌడర్ కూడా రాలింది. అంటే నారింజ పువ్వు అసలుదే కావచ్చు, పలక మాత్రం సోప్‌స్టోన్ లాంటి మెత్తటి రాయి అన్నమాట. దేవుడి గది ఆలోచన మానేశాం, సమాధి అని కాదు, నూనె మరకల భయానికి. ప్రస్తుతం టీవీ పక్కన ఉంది, అత్తయ్యగారు దాని మీద రిమోట్, కళ్ళజోడు పెట్టుకుంటున్నారు.