మంద్రంగా అంటే మెల్లగానా?

అందరికీ నమస్కారం. 'మంద్రం' అనే మాట గురించి మీ అందరినీ అడగాలని ఉంది. ముందు అది నా మనసులో ఎలా పడిందో చెబుతాను.

మా మేనకోడలు విజయనగరంలో వయొలిన్ నేర్చుకుంటోంది. దాని స్నేహితురాలు అమెరికాలో ఒక యూనివర్సిటీలో సంగీతం చదువుతోంది. అక్కడి విద్యార్థుల కోసం ఒక అతిథి కళాకారుడు ఆన్‌లైన్‌లో బేస్ ట్రాంబోన్ కచేరీ చేస్తుంటే ఆ అమ్మాయి లింకు పంపింది. తెల్లవారకముందే లేచి ఇద్దరం ఫోన్ ముందు కూర్చున్నాం.

ట్రాంబోన్ అంటే ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం ఉన్న ఇత్తడి బాకా. ఆ మెలికలన్నీ సాపు చేస్తే సుమారు 9 అడుగుల గొట్టం. జరిపే భాగానికి 7 స్థానాలు. ఒక్కో స్థానం చాపినకొద్దీ అర్ధస్వరం చొప్పున కిందికి దిగుతుంది. బేస్ ట్రాంబోన్ కూడా దాదాపు అంతే పొడవు. కాకపోతే గొట్టం ఇంకా వెడల్పు, గంటలా విచ్చుకున్న మూతి ఇంకా పెద్దది. వేళ్లతో నొక్కే వాల్వులు సాధారణంగా రెండు ఉంటాయి. అవి నొక్కితే ఊపిరి అదనపు గొట్టాల గుండా తిరిగి, స్వరం మరింత లోతుకు పోతుంది. ఆయన గొట్టం జరుపుతూ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా దిగితే మా పిల్ల ఎగిరి గంతేసింది. "ఇది మన జారే కదా మావయ్యా!" అంది. నిజమే, వయొలిన్ మీద వేలు జరిపి పలికించే జారు ఇత్తడిలో వినిపించింది. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

అసలు సంగతి ఇది. వింటూనే మా పిల్ల నోట్సులో రాసుకుంది: "బేస్ ట్రాంబోన్ చాలా మంద్రంగా వినిపించింది." ఫోన్‌లో నిజంగానే చాలా చిన్నగా, సన్నగా మోగుతున్నట్టు ఉంది. కాసేపటికి ఇంట్లో ఉన్న పెద్ద స్పీకర్‌కి కలిపాం. అంతే, అడుగు స్వరం ఒకటి పట్టేసరికి కిటికీ ఊచలు అదిరాయి. మా అమ్మ వంటింట్లోంచి "ఏటయిందర్రా?" అంటూ వచ్చింది. పిల్ల పెన్ను పట్టుకుని నన్ను అడిగింది: "మావయ్యా, ఇప్పుడిది మంద్రంగా ఉన్నట్టా, గట్టిగా ఉన్నట్టా?"

రెండూనూ. కానీ ఆ జవాబు వెంటనే నా నోటికి రాలేదు. ఎందుకంటే ఎన్నో ఏళ్లుగా నేను కూడా "మంద్రంగా" అంటే "మెల్లగా, చెవికి హాయిగా" అనే అర్థంతోనే రాస్తున్నాను. రేడియో మంద్రంగా మోగుతోంది, ఆమె మంద్రంగా నవ్వింది... ఇలాంటివి.

సంగీతంలో ఈ మాటకు ఒకటే పని. మంద్ర, మధ్య, తార అని మూడు స్థాయిలు. మంద్రం కింది స్థాయి. స్వరం కింద చుక్క పెడితే మంద్రం, పైన చుక్క పెడితే తారం. ఎంత గట్టిగా పాడాలో ఆ చుక్క చెప్పదు. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరం అనే గ్రంథంలో మంద్రానికి హృదయం, మధ్యకు కంఠం, తారానికి శిరస్సు స్థానాలని చెప్పి, ఒక్కోటి ముందుదానికి రెట్టింపు అన్నాడు. అది ఎత్తు లెక్క, బలం లెక్క కాదు.

అంత దూరం ఎందుకు, మన బొబ్బిలి వీణనే చూడండి. గొల్లపల్లిలో పనస చెక్కతో చేసే ఆ వీణకు వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. మంద్రం తీగను గట్టిగా మీటినా అది మంద్రమే, వేలి కొసతో తాకినా మంద్రమే. తీగకు పేరుగా నిలిచిన మాటను మనం "సౌండ్ తగ్గించి" అనే అర్థానికి వాడేస్తే, ఆ తీగ గురించి రేపు ఏ మాటతో చెబుతాం? మెల్లగా అనడానికి మనకు మెల్లగా, మృదువుగా, లోగొంతుకతో, సన్నగా అన్నీ ఉన్నాయి. కింది స్థాయికి ఉన్నది ఈ ఒక్కటే. ఇప్పుడు కుర్రాళ్లు ఆ చోట 'బేస్' అంటున్నారు. "బేస్ పెంచరా" అన్నప్పుడు వాళ్లు మంద్రాన్నే గట్టిగా చేయమంటున్నారు. వాళ్లకు తేడా తెలుసు, మాటే చేతిలో లేదు.

మీరేమంటారు?

— — —

సాలూరు నుంచి ఒక సభ్యురాలు:
మీరు చెప్పింది సంగీతం వరకు బాగుందండీ. కానీ కథల్లో "మంద్రంగా" అని చదివినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు కదా. పదిమందీ వాడాక అది కూడా అర్థమే. ఇప్పుడు వెనక్కి తియ్యమంటే ఎలా?

శ్రీకాకుళం నుంచి ఒక సంస్కృతం మాస్టారు:
పాత సంస్కృత నిఘంటువు అమరకోశం ధ్వనికి సంబంధించిన మూడు మాటలను పక్కపక్కనే పెట్టింది. మధురంగా, అస్పష్టంగా ఉండే ధ్వనికి 'కల' అని పేరు. ఆ వెంటనే "మంద్రస్తు గంభీరే" (గంభీరమైనది మంద్రం), ఆపైన "తారోఽత్యుచ్చైః" (బాగా ఎత్తైనది తారం). అంటే మెత్తదనానికి వేరే మాట ఇచ్చి, మంద్రానికి గాంభీర్యం ఇచ్చింది. కాళిదాసు మేఘదూతంలో మేఘం ఉరుమును "మంద్రస్నిగ్ధ" ధ్వని అన్నాడు. మంద్రంలోనే మెత్తదనం ఉంటే స్నిగ్ధం (మృదువు) అని మళ్లీ కలపనక్కర్లేదు. 'మంద' అనే మాట పోలిక వల్ల కూడా మనవాళ్లు తడబడి ఉంటారని నా అనుమానం. మందగమనం, మందహాసం నోట్లో నానిన మాటలు కదా.

ఆమదాలవలస నుంచి ఒక సభ్యుడు:
మా నాన్న బ్యాండు మేళంలో పెద్ద బూర ఊదేవారు. "ఊపిరి చాలకపోతే కింద సొరం పలకదురా" అనేవారు. పై స్వరానికి పెదవి బిగువు కావాలి, కిందదానికి గాలి కావాలి. మెల్లగా ఊదితే కింది స్వరం తుస్సుమంటుంది. కాబట్టి ఆయన దృష్టిలో మంద్రం అంటే కష్టపడి తెప్పించేది. ఈ మాట ఆయనకు తెలిసుంటే ఎంత సంతోషించేవారో.

పోస్టు రాసినవారు:
మాస్టారూ, అమరకోశం మాట పిల్లకు చూపించాను, నోట్సులో రాసుకుంది. బాబూ, మీ నాన్నగారి మాట కూడా రాసుకుంది.

సాలూరు అమ్మా, మీ ప్రశ్న గురించి రాత్రంతా ఆలోచించాను. కథల్లో వాడినవాళ్లది తప్పని ఎర్రగీత పెట్టాలని నాకు లేదు. ఈ రెండో అర్థం ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందో నాకొక ఊహ తోచింది. విజయదశమి తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున ఊరి చివర మా మిద్దె మీద నిలబడితే సన్నాయి వినిపించదు, డోలు అడుగు దెబ్బ ఒక్కటే వస్తుంది. దూరం, గోడలు పై స్వరాలను ముందుగా మింగేస్తాయి. మిగిలేది కిందిదే, అదీ చిన్నగా. పక్కింటి రేడియో కూడా అంతే. అలా కిందిదీ మెల్లదీ కలిసి చెవిన పడీ పడీ, ఒకే మాటలో ఒదిగి ఉంటాయి. అందుకే కథలో పక్కింటి రేడియో "మంద్రంగా" మోగితే నాకిక అభ్యంతరం లేదు. "మంద్రంగా నవ్వింది" అంటే మాత్రం ఒప్పుకోలేను.

ఫోన్‌లో జరిగింది మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ వాద్యం అడుగు స్వరం ఒకటి సెకనుకు సుమారు 58 కంపనాలు. అరచేతిలో పట్టే స్పీకర్ దాన్ని పలికించలేదు. దానితో పాటు పుట్టే పై కంపనాలను (అనుస్వరాలను) మాత్రమే వినిపిస్తే, కిందిదాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. అంటే మా పిల్ల మొదట "మంద్రంగా" అని రాసినప్పుడు దానికి చేరనిదే ఆ మంద్రం.

ఇప్పుడు ఆ వాక్యం కొట్టేసి ఇలా రాసుకుంది: "ఫోన్‌లో సన్నగా వినిపించింది. స్పీకర్‌లో మంద్రం గట్టిగా పలికింది, కిటికీ అదిరింది."