జర్నల్ క్లబ్‌లో పీజీల చేత నోరు విప్పించడం ఎలా?

మా మెడిసిన్ విభాగంలో జర్నల్ క్లబ్ (పరిశోధనా పత్రాలు చదివి చర్చించే సమావేశం) బాధ్యత ఈమధ్యే నాకు అప్పగించారు. ఒకరు స్లైడ్లు చదువుతారు, మిగతావాళ్లు వింటారు, అంతే. మొన్న గుండె వైఫల్యం ఉన్నవాళ్లకి డాపాగ్లిఫ్లోజిన్ మందు ఇచ్చి చూసిన 2019 నాటి డాపా-హెచ్ఎఫ్ ట్రయల్ తీసుకున్నాం. ‘ముప్పు 26 శాతం తగ్గింది’ అనగానే అందరూ తలూపారు. గుండె వైఫల్యం ముదరడం లేదా గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోవడం ప్లాసిబో (ఉత్తుత్తి మందు) వాళ్లలో 21.2 శాతం, డాపాగ్లిఫ్లోజిన్ వాడినవాళ్లలో 16.3 శాతం. అంటే ఏడాదిన్నరలో ఒకరికి మేలు జరగాలంటే సుమారు 21 మందికి మందు ఇవ్వాలి. ఈ లెక్క ఎవరూ వేయలేదు. రేపు ఓపీలో పేషెంటుకు చెప్పాల్సింది ఇదే కదా!

పేపరు ముందే పంపినా చదివి రావట్లేదు. పరిశోధన నాణ్యతను అంచనా వేసే ప్రశ్నల పట్టిక, కాస్ప్ చెక్‌లిస్ట్ ఇస్తే టిక్కులు పెట్టేసి ఊరుకుంటున్నారు. ప్రొఫెసర్లుంటే జూనియర్లు అసలు మాట్లాడరు.

మీ దగ్గర బాగా నడుస్తుంటే దయచేసి చెప్పండి: ఫలితాలు పక్కనపెట్టి ముందు మెథడ్స్ మీదే చర్చ పెడతారా? స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లని పిలుస్తారా?