స్కైరిమ్‌లో కవచం వేసుకోని దొంగ బతకాలంటే ఏం చేయాలి?

పటమట:
అన్నలూ, అక్కలూ, ఒక సాయం కావాలి. స్కైరిమ్ అనే వీడియో గేమ్ మొదటిసారి ఆడుతున్నాను. నా పాత్ర ఖాజీట్ (పిల్లి మనుషుల) జాతి దొంగ. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, ఒంటి మీద ఇనుము గానీ తోలు గానీ ఉండకూడదు. మామూలు బట్టలు, తలకి ముసుగు, చేతిలో బాకు, అంతే. లెవెల్ 12, స్నీక్ (చాటుగా తిరిగే నైపుణ్యం) 45. ఎవరూ చూడనంతసేపు రాజాలా ఉంటుంది. ఒక్కడు చూశాడా, రెండు దెబ్బలకే పోతున్నాడు, మళ్లీ పాత సేవ్‌కి వెళ్లాల్సి వస్తోంది. ఒళ్లు గట్టిపరిచే ఓక్‌ఫ్లెష్ మంత్రం కూడా కొన్నాను. వేసినా వేయకపోయినా ఒకటే అనిపిస్తోంది. ఆ మంత్రం ఉన్న ఆల్టరేషన్ విద్యలో పెర్కులు (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు శక్తులు) పెడితే కవచం వేసుకున్నంత గట్టిపడతాడా? డ్రాగన్ వస్తే వీడేం చేయాలి? కథ మాత్రం చెప్పేయకండి, ఇంకా వైట్‌రన్ ఊరి చుట్టుపక్కలే ఉన్నాను. కథలో తెమ్మన్న డ్రాగన్‌స్టోన్ అనే రాతి పలక తెచ్చాను గానీ ఎవరికీ ఇవ్వలేదు.

బ్రాడీపేట:
తోలు కవచం వేసుకో తమ్ముడూ, గొడవ వదిలిపోతుంది.

పటమట:
అది వేసుకునేవాణ్ణయితే ఇక్కడ అడిగే పనేముందన్నా!

సత్యనారాయణపురం:
నియమం బాగుంది, మార్చకు. కాకపోతే ఈ ఆటలో దానికి తగ్గ పెర్కుల చెట్టు లేదని ముందే తెలుసుకో. ఇదే సిరీస్‌లో 2002లో వచ్చిన మారోవిండ్‌లో కవచం లేకుండా తిరిగేవాళ్లకి విడిగా 'అన్‌ఆర్మర్డ్' అనే నైపుణ్యం ఉండేది. 2006లో ఆబ్లివియన్ వచ్చేసరికి తీసేశారు. స్కైరిమ్‌లో మిగిలింది ఆల్టరేషన్‌లోని మేజ్ ఆర్మర్ పెర్కు ఒక్కటే. అది మంత్రగాళ్ల కోసం పెట్టింది, దొంగల కోసం కాదు.

లెక్క చూడు. కవచం అంకెలో ఒక్కో పాయింటుకి దెబ్బ 0.12 శాతం తగ్గుతుంది. ఓక్‌ఫ్లెష్ ఇచ్చేది 40, అంటే 4.8 శాతం. నీకు తేడా తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఆల్టరేషన్ 30 దాటాక మేజ్ ఆర్మర్ మొదటి మెట్టు తీసుకుంటే అది రెట్టింపై 80 అవుతుంది, అప్పటికీ పది శాతం లోపే. ఆల్టరేషన్ 70కి చేర్చి మూడో మెట్టు తీసుకుని, ఓక్‌ఫ్లెష్ వదిలేసి ఎబొనీఫ్లెష్ వేస్తే 300. ఇంత కష్టపడితే వచ్చేది 36 శాతం. కవచం వేసుకున్నవాడికేమో ఒంటి మీది ఒక్కో ముక్కకి తెర మీద కనపడని 25 అదనంగా కలుస్తుంది, వాడు 80 శాతం దాకా వెళ్లగలడు. బట్టలకి ఆ 25 రాదు.

కాబట్టి 'గట్టిపడటం' అనే ఆలోచనే పక్కన పెట్టెయ్. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నీ పెర్కులన్నీ దొరక్కుండా ఉండటానికీ, దొరికాక జారుకోవడానికీ వాడు.

స్నీక్ 45 అంటే బ్యాక్‌స్టాబ్, డెడ్లీ ఎయిమ్ రెండూ తీసుకోవచ్చు. ఇంకో ఐదు పెరిగితే అసాసిన్స్ బ్లేడ్. మిగతా అన్నీ ఆపి ముందు అది తీసుకో. చాటుగా పొడిస్తే ఒంటిచేతి ఆయుధానికి మామూలుగా 3 రెట్లు, బ్యాక్‌స్టాబ్‌తో 6 రెట్లు, అసాసిన్స్ బ్లేడ్‌తో బాకుకి 15 రెట్లు. నైపుణ్యం లెక్క కలపకముందే 5 దెబ్బ ఉన్న స్టీల్ బాకు 75 కొడుతుంది. నీ లెవెల్లో చాలామంది దానికే పడిపోతారు. పడిపోయినవాడు తిరిగి కొట్టడు కదా, నీ కవచం అదే అనుకో.

అవతలి కొమ్మలో మఫుల్డ్ మూవ్‌మెంట్ పెర్కు తగ్గించేది కవచం చప్పుడుని. బట్టల్లో ఉన్న నీకు దానివల్ల లాభం లేదు. అయినా లైట్ ఫుట్‌కి వెళ్లాలంటే ఆ దారినే పోవాలి, తప్పదు. లైట్ ఫుట్ ఉంటే నేల మీది ఉచ్చుల పలకలు నీ బరువుకి కదలవు. నీకున్న కాస్త ప్రాణానికి అది పెద్ద మేలే.

ఇంకొకటి, ఏ డిఫికల్టీలో ఆడుతున్నావు?

పటమట:
ఎక్స్‌పర్ట్ అన్నా. అడెప్ట్ మరీ తేలికేమోనని.

సత్యనారాయణపురం:
మరి రెండు దెబ్బలకి పోక ఏమవుతాడు! ఎక్స్‌పర్ట్‌లో నువ్వు కొట్టేది ముప్పావు వంతే తగులుతుంది, నీకు తగిలేది ఒకటిన్నర రెట్లు. అడెప్ట్‌కి మార్చు, రెండూ సమానమవుతాయి. బాకు 15 రెట్లకి వచ్చాక కావాలంటే మళ్లీ పెంచుకో. లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పది కూడా కొన్నాళ్లు హెల్త్‌లోనే వెయ్.

గుణదల:
ముసుగు వేసుకుంటే మేజ్ ఆర్మర్ పని చేయదని ఎక్కడో చదివాను. తీసేయమనండి.

లక్ష్మీపురం, గుంటూరు:
అలా ఏం లేదండీ. బట్టతో చేసిన ముసుగు, నగలు, తలకి పెట్టుకునే సర్క్‌లెట్ ఇవేవీ అడ్డు కావు. చెడగొట్టేవి శిరస్త్రాణం, చేతులకీ కాళ్లకీ వేసుకునే కవచాలు, డాలు. ఒక్క ముక్క ఉన్నా పెర్కు పోతుంది. తర్వాత రిఫ్టెన్ ఊళ్లో దొంగల ముఠా వాళ్లు అందమైన దుస్తులు ఇస్తారు తమ్ముడూ, చూసి మోసపోకు. చూడ్డానికి బట్టల్లాగే ఉన్నా లెక్కకి అది లైట్ ఆర్మర్.

సత్యనారాయణపురం గారు ఆల్టరేషన్‌ని బాగానే తీసిపారేశారు గానీ, అందులో మేజిక్ రెసిస్టెన్స్ అనే పెర్కుంది. ఒక్కో మెట్టుకి పది శాతం, మొత్తం 30 దాకా. అది కవచం ఉన్నా లేకపోయినా పనిచేస్తుంది. మంత్రగాళ్లు విసిరే నిప్పుకీ పిడుగుకీ తోలు ఎలాగూ అడ్డు రాదు కదా. మొదటి మెట్టుకి ఆల్టరేషన్ 30 చాలు.

నన్నడిగితే నీ అసలు చెట్టు ఇల్యూజన్, అంటే ఎదుటివాళ్ల మనసునీ చూపునీ మాయ చేసే మంత్రాలు. మఫుల్ మంత్రం కొనుక్కో. మూడు నిమిషాలు నీ అడుగుల చప్పుడే ఉండదు. శత్రువు లేకపోయినా అది వేసిన ప్రతిసారీ నైపుణ్యం పెరుగుతుంది, రోడ్డు మీద నడుస్తూ కూడా వేసుకోవచ్చు. (ఓక్‌ఫ్లెష్ అలా కాదు, దగ్గర్లో శత్రువు ఉంటేనే పెరుగుతుంది.) అలాగని కూర్చుని అదే పనిగా వేయకు. ఇల్యూజన్ పెరిగితే నీ లెవెల్ పెరుగుతుంది, లెవెల్‌తో పాటు శత్రువులూ ముదురుతారు, నీ బాకు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇల్యూజన్ 50కి క్వయెట్ కాస్టింగ్ తీసుకో. అది లేకపోతే మంత్రం వేసిన చప్పుడుకే వాళ్లు తల తిప్పుతారు. అది వచ్చాక ఆట రుచే వేరు. చీకట్లో కూర్చుని బందిపోట్లలో ఒకడి మీద ఫ్యూరీ మంత్రం వేస్తే వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు, నువ్వు మిగిలినవాడి సంగతి చూసుకుంటే చాలు. ఫ్యూరీ ఆరో లెవెల్ శత్రువుల వరకే, కోపం చల్లార్చే కామ్ మంత్రం తొమ్మిది వరకే పనిచేస్తాయి, పెర్కులతో ఆ హద్దు పెరుగుతుంది. సమాధుల్లో లేచే డ్రాగర్లనే శవాల మీద మాత్రం ఇవి పారవు. ఇల్యూజన్ 90 దగ్గర మాస్టర్ ఆఫ్ ది మైండ్ తీసుకునేదాకా అక్కడ బాకే దిక్కు.

పటమట:
అక్కా, చూసేశాక ఏం చేయాలో ఇంకా అర్థం కాలేదు. పరిగెత్తితే వెనకాలే వస్తున్నారు.

లక్ష్మీపురం, గుంటూరు:
దానికి సీసాలు. వాంపైర్ డస్ట్, లూనా మాత్ వింగ్ కలిపితే మాయమయ్యే మందు వస్తుంది, పైగా హెల్త్ తొందరగా కోలుకునే గుణం కూడా అందులోనే ఉంటుంది. నీలాంటివాడి కోసమే చేసినట్టుంటుంది. తాగి, తలుపులు ముట్టుకోకుండా, ఎవరినీ కొట్టకుండా మూల తిరిగి కూర్చో. ఏదైనా ముట్టుకున్నావంటే మాయ పోతుంది. కేనిస్ రూట్, ఇంప్ స్టూల్ కలిపితే పక్షవాతం విషం. బాకుకి రాసుకో, ఒకే దెబ్బకి పనిచేస్తుంది, గుర్తుపెట్టుకో. పెద్ద శరీరం ఉన్నవాడు నీ వైపు వస్తుంటే పొడిచి, వాడు కింద పడ్డాక నిలబడి చూడకుండా పారిపో.

స్నీక్ 100కి షాడో వారియర్ వస్తే గొడవ మధ్యలో కూడా వంగి కూర్చుంటే క్షణంపాటు నిన్ను మర్చిపోతారు. దానికి ఇంకా చాలా దూరం ఉందిలే.

గుణదల:
కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే పరుగు పోయి నడక వస్తుంది. వంగి నడిచేటప్పుడు కూడా ఆ తేడా ఉంటుంది. సైలెన్స్ పెర్కు వచ్చేదాకా మనుషుల వీపు వెనక నడకే. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడు. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఐదులో పెట్టుకుని స్పీకర్ల మీద ఆడితే మూల మీద వచ్చేవాడి అడుగులు వినపడవు. కరెంటు పోకముందే సేవ్ చేసుకోమని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

సత్యనారాయణపురం:
ఫాల్మర్లు అనేవాళ్లు తగిలినప్పుడు చీకటిని నమ్ముకోకు. వాళ్లకి చూపు లేదు, చెవులతోనే పట్టేస్తారు. అక్కడ మఫుల్ విలువ తెలుస్తుంది.

డ్రాగన్ల సంగతి. డ్రాగన్‌స్టోన్ ఇంకా నీ సంచిలోనే ఉందన్నావు. అలాగే ఉంచు. దాన్ని కోట మంత్రగాడు ఫారెంగార్‌కి ఇస్తేనే ఆ కథ కదులుతుంది, అప్పటిదాకా ఆకాశంలోంచి నీ మీదకి దిగే డ్రాగన్ ఉండదు. రిఫ్టెన్ వెళ్లు, తాళాలు తీయి, జేబులు కొట్టు, స్నీక్ పెంచు. ఎప్పుడిస్తావో నీ ఇష్టం, తొందరేం లేదు. ఇచ్చాక వచ్చే మొదటి డ్రాగన్‌తో నువ్వొక్కడివే పోరాడక్కర్లేదు, కాపలావాళ్లు ఉంటారు. రాళ్ల చాటున ఉండి బాణాలు వెయ్, అది నేల మీద దిగినప్పుడు ముఖం ముందు మాత్రం నిలబడకు. ఆ కథ ఇంకాస్త నడిస్తే బికమ్ ఎథీరియల్ అనే అరుపు దొరుకుతుంది. అది వాడినంతసేపు ఏ దెబ్బా తగలదు. ఎక్కడ దొరుకుతుందో చెప్పను, కథ వద్దన్నావు కదా.

బ్రాడీపేట:
కవచం వద్దంటే కనీసం ముట్టుకుంటే వరమిచ్చే నిలువు రాయైనా మార్చుకోమనండి. లార్డ్ స్టోన్ ముట్టుకుంటే 50 కవచం, 25 శాతం మేజిక్ రెసిస్టెన్స్ ఊరికే వస్తాయి. దొంగ అనగానే అందరూ దొంగ నైపుణ్యాలు తొందరగా పెంచే థీఫ్ స్టోన్ దగ్గరే ఆగిపోతారు.

సత్యనారాయణపురం:
ఇది మంచి మాట. ఆ 50 ఆరు శాతమే గానీ, 25 శాతం రెసిస్టెన్స్ మాత్రం విలువైనదే. నైపుణ్యాలు పెరిగేదాకా థీఫ్ స్టోన్, తర్వాత లార్డ్. ఒకేసారి ఒక్కటే ఉంటుంది.

పటమట:
అందరికీ థాంక్స్. అడెప్ట్‌కి మార్చాను, అప్పుడే తేడా తెలుస్తోంది. చివరిగా ఒకటి. రివర్‌వుడ్ ఊరి నుంచి ఫేండాల్ అనే విలుకాడు తోడుగా నాతో వస్తున్నాడు. నేను వంగి వెళ్తుంటే వీడు ముందుకెళ్లి అందరినీ లేపుతున్నాడు. వీణ్ణి ఏం చేయాలి?

లక్ష్మీపురం, గుంటూరు:
గుహ బయటే ఆగమను. ఇంకా మంచిది, ఇంటికి పంపెయ్. పంపే ముందు వాడి దగ్గర విలువిద్య నేర్చుకో, 50 దాకా నేర్పుతాడు. నేర్చుకున్నాక వాడి సంచి తెరిచి నువ్విచ్చిన డబ్బు నువ్వే తీసేసుకో. తోడు వచ్చేవాడు కాబట్టి ఏమీ అనడు.