అప్‌డేట్: జేజినాయన యుద్ధానికి తీసుకపోయిన కొత్త నిబంధన (బైబిల్లో రెండో భాగం), అతుక్కున్న పేజీలు విడిపోయినాయి

ముందు నేనడిగింది ఇదీ: మాది జమ్మలమడుగు, మా జేజినాయన 1944లో బర్మా యుద్ధానికి పోయినప్పుడు చొక్కా జేబులో పెట్టుకున్న చిన్న తెలుగు కొత్త నిబంధన, పేజీలన్నీ అతుక్కుపోయి మధ్యలో ఎర్రమరక, అది రక్తమేమో అని ఇంట్లో అందరికీ దిగులు. సలహాలిచ్చిన అందరికీ చానా థ్యాంక్స్.

పాత కాగితాలు బాగుచేసే ఆయనకు చూపించినాం. రక్తం కాదంట, పుస్తకానికి కొట్టిన ఇనుప పిన్నుల తుప్పు, తడికి కాగితంలోకి దిగింది. పిన్నులు తీసేసి దారంతో కుట్టినారు. పేజీలకైతే ఇక్కడ ఒకరు చెప్పిందే పనిచేసింది, నీళ్లు నేరుగా తగలకుండా మూసిన డబ్బాలో తేమ పట్టించి, మెత్తబడినాక ఒక్కో ఆకు విడదీసి మధ్యలో బ్లాటింగ్ పేపర్ పెట్టి బరువు కింద ఆరబెట్టడం. వెనకాల కీర్తనలు కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది, ఆపదల్లో దేవుడు కాపాడతాడని చెప్పే 91వ కీర్తన ఉన్న ఆకు అంచు వేళ్లు తగిలి తగిలి అరిగిపోయింది, మా నాయన అది చూసి ఏడ్చేసినాడు.

లామినేషన్, సెల్లోటేప్ రెండూ వద్దే వద్దన్నారు, టేపు జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది. పురుగుల మందు అవసరమే రాలేదు. ఇప్పుడు యాసిడ్ లేని కాగితంలో చుట్టి పెట్టినాం, చదవాలనుకునేవాళ్లకు ఫోన్లో ఫొటోలున్నాయి.